జైలు బయట మిగిలిన కుటుంబాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఐక్యరాజ్యసమితిలో వర్ణవివక్ష వ్యతిరేక కార్యకలాపాలను ఏళ్ల తరబడి నడిపించిన తెలుగువాడు ఏనుగ శ్రీనివాసులురెడ్డి గురించి కిందటి సంచికలో ఒక చిన్న పరిచయం ప్రచురించాము. దక్షిణాఫ్రికా రాజకీయ ఖైదీల కేసుల ఖర్చులకూ, వారి ఇళ్ల ఖర్చులకూ 1966లో అక్కడ నిషేధించిన తర్వాత కూడా లండన్ నుంచి రహస్యంగా డబ్బు పంపిన ఒక సంస్థ గురించి అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది. మిగతా వ్యాసమంతా వదిలిపెట్టి పాఠకులు ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నారు. వచ్చిన ప్రశ్నలలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవాటిని ఎంచుకుని ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: ఆ సంస్థ పేరేమిటి? దాన్ని ఎవరు, ఏ అవసరం కొద్దీ పెట్టారు? (డిగ్రీ విద్యార్థిని, గుంటూరు)

జవాబు: దాని పేరు ఇంటర్నేషనల్ డిఫెన్స్ అండ్ ఎయిడ్ ఫండ్. లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో కానన్ హోదాలో ఉన్న జాన్ కాలిన్స్ అనే మతాచార్యుడు దీనికి మూలపురుషుడు. 1956 డిసెంబరు 5 తెల్లవారుజామున దక్షిణాఫ్రికా పోలీసులు దేశమంతటా ఇళ్ల మీద పడి 156 మందిని రాజద్రోహ నేరం కింద పట్టుకుపోయారు. వారిలో నల్లవారు, భారతీయులు, తెల్లవారు, మిశ్రమ జాతివారు అందరూ ఉన్నారు. నేరం రుజువైతే ఉరిశిక్ష కూడా పడవచ్చు. ఈ వార్త తెలియగానే కాలిన్స్ జొహానెస్‌బర్గ్ బిషప్ ఆంబ్రోజ్ రీవ్స్‌కు 100 పౌండ్లు పంపి, దొరికే న్యాయవాదులలో మంచివారిని పెట్టుకోవలసిందనీ, మిగతా ఖర్చు సంగతి తాను చూసుకుంటాననీ మాట ఇచ్చారు. ఆ మాట ఎంత బరువైనదో ఇచ్చిన రోజున ఆయనకు కూడా తెలిసి ఉండదు, ఎందుకంటే ఆ విచారణ నాలుగేళ్లకు పైగా సాగింది.

నిందితులు జామీను మీద బయటే ఉన్నారు కనుక వారికి పెద్ద ఇబ్బంది లేదని అనుకోకూడదు. మొదట జొహానెస్‌బర్గ్‌లో జరిగిన విచారణను 1958లో ప్రిటోరియాకు మార్చారు. అప్పటినుంచి జొహానెస్‌బర్గ్ ప్రాంతపు నిందితులు వాయిదా ఉన్న ప్రతిరోజూ బస్సెక్కి 50 కిలోమీటర్లకు పైగా వెళ్లి, సాయంత్రం మళ్లీ అంత దూరమూ తిరిగి రావలసి వచ్చేది. రోజంతా కోర్టులో కూర్చునే మనిషికి ఉద్యోగం ఎవరిస్తారు? న్యాయవాదుల ఫీజుల కోసం మొదలైన నిధి నిందితుల ఇంటి అద్దెలకూ, పిల్లల బడి ఖర్చులకూ విస్తరించడానికి కారణం ఇదే. 1961 మార్చి 29న కోర్టు చివరి నిందితులను కూడా నిర్దోషులుగా వదిలిపెట్టింది. అయితే అప్పటికే దేశంలో నల్లవారి నిరసన మీద పోలీసులు జరిపిన షార్ప్‌విల్ కాల్పులు, అత్యవసర పరిస్థితి, పార్టీల మీద నిషేధం ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి. తాత్కాలికంగా పెట్టిన నిధిని మూసే అవకాశం లేకుండా పోయింది.

ప్రశ్న: 1966లో దక్షిణాఫ్రికా ఈ సంస్థను నిషేధించిందని రాశారు. నిషేధించిన సంస్థ డబ్బు, ఉత్తరాలు అదే దేశపు తపాలాలో ఎలా చేరాయి? సెన్సారు లేదా? (విశ్రాంత తపాలా ఉద్యోగి, వరంగల్)

జవాబు: సెన్సారు ఉంది, పోలీసు నిఘా ఉంది, పట్టుబడితే ఏళ్ల తరబడి జైలు కూడా ఉంది. 1966 మార్చి 18న నిషేధం వచ్చాక ఆ సంస్థ నుంచి ఒక్క పౌండు తీసుకున్నా నేరమే. అక్కడి స్థానిక కమిటీలు మూతపడ్డాయి. అప్పుడు లండన్ కార్యాలయం తన పనిని రెండు పాయలుగా విడదీసింది. కోర్టు ఖర్చులది ఒక పాయ, కుటుంబ పోషణది మరొకటి. ఒక పాయలో పనిచేసేవారికి రెండోదాని వివరాలు తెలియకుండా జాగ్రత్తపడ్డారు. మీరు అడిగింది రెండోదాని గురించి కనుక దాన్నే ముందు చెబుతాము.

ఈ పద్ధతి ఎంత సాదాసీదాగా ఉంటుందంటే, దాని బలమంతా ఆ సాదాతనంలోనే ఉంది. బ్రిటన్‌లోనూ, మరికొన్ని దేశాలలోనూ ఉండే మామూలు మనుషులను, అంటే రాజకీయాలలో పేరు వినబడని గృహిణులను, ఉపాధ్యాయులను, పింఛను తీసుకుంటున్నవారిని, చర్చి సభ్యులను ఎంపిక చేసుకున్నారు. ఒక్కొక్కరికి ఒకటో రెండో ఖైదీ కుటుంబాల చిరునామాలు ఇచ్చారు. డబ్బు లండన్ నుంచి ముందు ఈ ఉత్తరాల నేస్తానికి అందేది. ఆమె దాన్ని తన సొంత సొమ్ము లాగానే, తన పేరుతో, తన చేతిరాతతో ఉన్న ఉత్తరంతోపాటు ఆ కుటుంబానికి పంపేది. ఉత్తరంలో రాజకీయాలు ఉండకూడదు, సంస్థ పేరు అసలే ఉండకూడదు. తమ ఊరి వాతావరణం, పెరటి మొక్కలు, పిల్లల చదువులు, ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆ సంగతి రాయవచ్చు. జవాబు వచ్చినప్పుడు దాన్ని లండన్‌కు చేరవేయాలి. డబ్బు అందిందని ఆ జవాబే రసీదు, ఆ ఇంటి అవసరాలు తెలిపే నివేదికా అదే. దక్షిణాఫ్రికా నుంచి ప్రవాసం వచ్చిన రికా హాడ్జ్‌సన్ చాలా ఏళ్లపాటు ఈ విభాగం బాధ్యత చూశారు.

దక్షిణాఫ్రికా తపాలా కార్యాలయంలో కవరు చింపి చూసిన అధికారికి ఏమి కనబడుతుంది? ఇంగ్లండులో ఉన్న ఒక పెద్దావిడ, ఎవరో తెలిసిన నల్లజాతి స్త్రీకి క్షేమసమాచారాలు రాసి, కొద్దిపాటి డబ్బు పంపింది. అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇలా రాసేవారి సంఖ్య క్రమంగా వందలకు చేరింది. తపాలా శాఖలో పనిచేసినవారు కనుక మీకు ఒక విషయం నచ్చుతుందనుకుంటాము: వర్ణవివక్ష ప్రభుత్వం జైలులో పెట్టినవారి ఇళ్లకు అన్నం పెట్టే ఏర్పాటును నడిపింది ఆ ప్రభుత్వపు తపాలా శాఖే.

ఆ చిన్న మొత్తాల విలువ తెలియాలంటే రోబెన్ దీవిలోని ఖైదీల నిబంధనలు చూడాలి. కొత్తగా వచ్చిన రాజకీయ ఖైదీని అట్టడుగు తరగతిలో వేసేవారు. అతనికి ఆరు నెలలకు ఒక ఉత్తరం, ఒక ములాఖత్ మాత్రమే. ములాఖత్ అరగంట, అదీ కాపలావాళ్ల ఎదుట, కుటుంబ విషయాలు తప్ప మరో మాట ఎత్తకుండా. రెండేళ్లు దాటిన పిల్లలకు పదహారేళ్లు నిండేదాకా ప్రవేశం లేదు. భార్య జొహానెస్‌బర్గ్‌లో ఉంటే ఆ అరగంట కోసం కేప్‌టౌన్‌కు 1,400 కిలోమీటర్లు ప్రయాణించాలి, ముందుగా అనుమతి తెచ్చుకోవాలి, అక్కడ రాత్రికి తలదాచుకునే చోటు వెతుక్కోవాలి, తర్వాత పడవ ఎక్కాలి. ఇలా వచ్చేవారి కోసం కేప్‌టౌన్ చర్చిల మండలి 1970ల చివరినుంచి కౌలీ హౌస్ అనే బసను నడిపింది. దక్షిణాఫ్రికా చర్చిల మండలికి ఖైదీల ఆశ్రితుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం ఉండేది, అది దేశంలోపల బహిరంగంగానే పనిచేసింది. లండన్ సాయం ఒక్కటే ఉన్నట్టు చెబితే వీరికి అన్యాయం చేసినట్టవుతుంది.

ప్రశ్న: న్యాయవాదుల ఫీజులు పెద్ద మొత్తాలు కదా, వాటిని క్షేమసమాచారాల ఉత్తరాలలో పెట్టి పంపలేరు. అది ఎలా జరిగింది? నిజమైన దాత పేరు దాచి వకాలత్ తీసుకోవడం వృత్తి ధర్మానికి సరిపోతుందా? (న్యాయవాది, రాజమహేంద్రవరం)

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు మధ్యవర్తులు. లండన్‌లో విలియం ఫ్రాంకెల్ అనే సొలిసిటర్ ఈ ఏర్పాటుకు కేంద్రంగా ఉన్నారు. నిధి కార్యాలయంలో ఈ వ్యవహారం చూసిన ఫిలిస్ ఆల్ట్‌మన్‌తో ఆయన బహిరంగంగా సంబంధం పెట్టుకోలేదు. డబ్బు కొన్ని ట్రస్టుల పేర్ల మీదుగా పేరున్న లండన్ న్యాయవాద సంస్థకు చేరేది. ఆ సంస్థ దక్షిణాఫ్రికాలోని న్యాయవాదికి ఉత్తరం రాసి, ఈ కేసు విషయంలో శ్రద్ధ ఉన్న తమ క్లయింటు ఖర్చు భరిస్తారని చెప్పి, ఫీజు అంచనా పంపమని కోరేది. అక్కడి న్యాయవాదిని పోలీసులు నిలదీస్తే, లండన్‌లోని ఫలానా సంస్థ ఈ కేసు అప్పగించిందని నిజమే చెప్పగలిగేవారు. అంతకుమించి ఆయన అడగలేదు, వారు చెప్పలేదు.

రెండో ప్రశ్న మీద మా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాము. నిందితుడికి న్యాయవాది ఉండడమే నేరమయ్యేలా చట్టాన్ని మలిచిన ప్రభుత్వం దగ్గర దాత పేరు దాచడం వృత్తి ద్రోహం కాదు. 1963 నాటి చట్టం విచారణ లేకుండా 90 రోజులు నిర్బంధించే అధికారం పోలీసులకు ఇచ్చింది. 1967 నాటి ఉగ్రవాద చట్టం ఆ గడువును కూడా తీసేసింది. తూర్పు కేప్ ప్రాంతంలో 1960లలో వందలాది సామాన్య కార్యకర్తలను వారి ఊళ్లకు దూరంగా ఉన్న చిన్న పట్టణాలలో విచారించి శిక్షలు వేశారు. పేరు లేని వారి కేసులలో న్యాయవాది నిలబడితే శిక్ష తగ్గేది, కొన్ని అప్పీళ్లలో కొట్టుడుపోయేది. నెల్సన్ మండేలా తదితరులకు 1964 జూన్ 12న ఉరికి బదులు యావజ్జీవం పడిన రివోనియా విచారణను అందరూ గుర్తుంచుకుంటారు. ఆ కేసు ఖర్చులోనూ ఈ నిధి వాటా ఉంది. కానీ నిధి గొప్పతనాన్ని కొలవాలంటే పత్రికలకెక్కని ఆ చిన్న ఊళ్ల కేసులనే చూడాలని మాకనిపిస్తుంది.

1967–68లో ప్రిటోరియాలో విచారణ ఎదుర్కొన్న 37 మంది నమీబియా వాసుల తరఫు ఖర్చు కూడా ఇదే దారిన వెళ్లింది. నిర్బంధంలో 1977లో మరణించిన నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో మృతిపై జరిగిన విచారణలో కుటుంబం తరఫున సిడ్నీ కెంట్రిడ్జ్ పోలీసులను ప్రశ్నించారు. తీర్పు పోలీసులను తప్పుపట్టలేదు, కానీ ప్రశ్నలూ జవాబులూ ప్రపంచ పత్రికలకెక్కాయి.

ప్రశ్న: ఇది దానధర్మమా, రాజకీయమా? ఆయుధం పట్టినవారికి కూడా ఈ సాయం అందిందా? (ఉపాధ్యాయుడు, ఖమ్మం)

జవాబు: అందింది. ఇక్కడే ఈ నిధికీ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌కూ తేడా కనిపిస్తుంది. హింసను వాడని, సమర్థించని వారినే ఆమ్నెస్టీ ‘అంతరాత్మ ఖైదీ’గా స్వీకరించేది. 1962లో మండేలాను అలా స్వీకరించిన ఆ సంస్థ, రివోనియా తర్వాత ఆయన సాయుధ చర్యలను సమర్థించారన్న కారణంతో ఆ జాబితాలో ఉంచలేదు. సభ్యుల అభిప్రాయం సేకరించి మరీ 1964లో నియమాన్ని యథాతథంగా నిలుపుకుంది. ఆ నియమాన్ని తప్పుపట్టలేము, విడుదల కోరేవారికి అలాంటి గీత ఒకటి అవసరమే. కాలిన్స్ వాదన వేరు. విడుదల కోరడం వేరు, కోర్టులో న్యాయవాదిని నిలబెట్టడం వేరు. న్యాయవాది కావాలన్న హక్కు నిందితుడు చేసిన పనిని బట్టి మారదు, అతని పిల్లల ఆకలి అతని పార్టీని బట్టి మారదు. అందుకే ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ వారికీ, దానితో పొసగని పాన్ ఆఫ్రికనిస్టు కాంగ్రెస్ వారికీ, బికో బాటలో నడిచిన యువకులకూ సాయం అందింది.

చట్టం ఈ ప్రశ్నను ఎలా చూసిందో చెప్పడానికి ఒక ఇంగ్లండు తీర్పు ఉంది. ఆమ్నెస్టీ పెట్టిన ఒక ట్రస్టును ధర్మసంస్థగా గుర్తించవచ్చా అన్న వివాదంలో 1981లో జస్టిస్ స్లేడ్, ఖైదీలకూ వారి కుటుంబాలకూ కష్టంలో ఆసరా ఇవ్వడం ధర్మకార్యమేననీ, కానీ వారి విడుదల కోసం విదేశీ ప్రభుత్వాల విధానాలను మార్చే ప్రయత్నం రాజకీయమనీ చెప్పి, ఆ రెండో లక్ష్యం కూడా కలిసి ఉన్నందున మొత్తం ట్రస్టుకే ఆ హోదా నిరాకరించారు. గీత ఎక్కడ పడుతుందో దీన్ని చూస్తే అర్థమవుతుంది. పిల్లవాడి బడి ఫీజు కడితే దానం, తండ్రిని వదలమని అడిగితే రాజకీయం. ఆ ఇంట్లో తల్లికి మాత్రం ఆ రెండూ ఒకే కష్టం.

ప్రశ్న: ఇందులో శ్రీనివాసులురెడ్డి గారు నిజంగా చేసిందేమిటి? (పాఠకురాలు, గూడూరు)

జవాబు: మీ ఊరి దగ్గరి పల్లపట్టిలో 1924లో పుట్టిన ఆయన, వ్యక్తి సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన కాంగ్రెస్ నాయకుడి కుమారుడు. ఇంటి పెద్ద జైలులో ఉంటే ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పవలసిన పని లేదు. 1949లో ఐక్యరాజ్యసమితి ఉద్యోగంలో చేరి, 1963లో పని మొదలుపెట్టిన వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక కమిటీకి కార్యదర్శిగా కుదిరారు. రాజకీయ ఖైదీలందరినీ విడుదల చేయాలని ఆ ఏడాది అక్టోబరు 11న సాధారణ సభ చేసిన తీర్మానానికి 106 ఓట్లు వచ్చాయి. వ్యతిరేకంగా పడింది దక్షిణాఫ్రికా ఓటు ఒక్కటే.

తీర్మానాలతో ఇంటి అద్దె కట్టలేము కనుక తర్వాతి అడుగు ముఖ్యమైంది. 1965 డిసెంబరు 15న సాధారణ సభ దక్షిణాఫ్రికా కోసం ఒక ట్రస్టు నిధిని ఏర్పాటు చేసింది. నిందితులకు న్యాయసహాయం, ఖైదీల కుటుంబాలకు పోషణ, ఖైదీలకూ వారి పిల్లలకూ చదువు, శరణార్థులకు ఆసరా దాని ఉద్దేశాలు. స్వీడన్ అధ్యక్షతన ట్రస్టీల సంఘం ఉండేది, రోజువారీ నిర్వహణ రెడ్డి గారి కార్యాలయం చూసుకునేది. లండన్‌లోని ఒక మతాచార్యుడు నడిపే ఉద్యమ సంస్థకు నేరుగా చెక్కు రాయడానికి చాలా ప్రభుత్వాలు వెనుకాడతాయి. అదే డబ్బును సమితి నిధికి ఇవ్వడానికి వాటికి అభ్యంతరం ఉండదు, అక్కడినుంచి అది కాలిన్స్‌కు చేరుతుంది. స్వీడన్, ఇతర నార్డిక్ దేశాలు నేరుగానూ, ఈ దారినీ భారీగా ఇచ్చాయి. చివరి లెక్కలలో లండన్ నిధి దక్షిణాఫ్రికాలోకి పంపిన మొత్తం సుమారు 10 కోట్ల పౌండ్లని చెబుతారు. వేదికలెక్కి ప్రసంగించే నాయకులకు మన దగ్గర ఎప్పుడూ కొదవ లేదు. దాతకూ, గ్రహీతకూ మధ్య ఫైలు కదిలించే కార్యదర్శిని మనం తక్కువగా తలుచుకుంటాము. 2020 నవంబరులో ఆయన అమెరికాలో మరణించినప్పుడు దక్షిణాఫ్రికా పత్రికలు రాసినంతగా మన పత్రికలు రాయలేదు.

ప్రశ్న: మా పూర్వీకులు విశాఖ వైపు నుంచి నటాల్ చెరకు తోటలకు వెళ్లారు. ఖైదీల కుటుంబాలను పోషించే పద్ధతి గాంధీ గారి కాలంలోనే అక్కడ ఉండేదని మా ఇంట్లో అనేవారు. నిజమేనా? (డర్బన్‌లోని తెలుగు పాఠకుడు)

జవాబు: నిజమే. ట్రాన్స్‌వాల్‌లో ఆసియావాసుల నమోదు చట్టాన్ని ఎదిరించి జైలుకు వెళ్లిన సత్యాగ్రహుల కుటుంబాలకు మొదట్లో నెలనెలా డబ్బు ఇచ్చేవారు. ఎవరికి ఎంత అవసరమో తేల్చడం కష్టం, నిజాయితీగా ఉన్నవాడికి నష్టం, నిధి కూడా ఎంతో కాలం నిలవదు. జంషెడ్‌జీ టాటా కుమారుడు రతన్ టాటా 1909లో పంపిన 25,000 రూపాయలు ఆ సమయంలో పెద్ద ఊరట. కుటుంబాలన్నీ ఒకేచోట కలిసి ఉంటే తక్కువ ఖర్చుతో గడుస్తుందని గాంధీ ఆలోచించారు. 1910 మేలో ఆయన మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాక్ జొహానెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరంలోని తన 1,100 ఎకరాల భూమిని ఉచితంగా వాడుకోమని ఇచ్చారు. టాల్‌స్టాయ్ ఫారం అలా వచ్చింది. మన పుస్తకాలలో దాన్ని ఆదర్శ జీవన ప్రయోగంగా వర్ణిస్తారు కానీ, దాని పుట్టుక ఖైదీల కుటుంబాలకు నీడ చూపించే లెక్కలో ఉంది. సొంత పని మీద పట్నం వెళ్లేవారు నడిచే వెళ్లాలని అక్కడ నియమం. వేకువన రెండు గంటలకే బయలుదేరేవారు. కాలిన్స్ నిధి ఇందుకు భిన్నంగా కుటుంబాలను ఎక్కడివారిని అక్కడే ఉంచి పోషించింది. కలిసి ఉండనిచ్చే ప్రభుత్వం అప్పటికి లేదు.

ప్రశ్న: ఇంత రహస్యంగా కదిలిన డబ్బులో గూఢచారులు చొరబడలేదా? ఆ కాగితాలు ఇప్పుడు ఎక్కడున్నాయి? (పరిశోధక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: చొరబడాలని గట్టి ప్రయత్నమే జరిగింది. దక్షిణాఫ్రికా పోలీసు గూఢచారి క్రెయిగ్ విలియమ్సన్, జెనీవాలో ఉన్న అంతర్జాతీయ విశ్వవిద్యాలయ వినిమయ నిధిలో చేరి ఉపసంచాలకుడి పదవిదాకా ఎదిగాడు. 1980 జనవరిలో అతని గుట్టు బయటపడింది, ఆ సంస్థ కోలుకోలేక మూతపడింది. అతను లండన్ నిధిలోకి కూడా దారి వెతికాడు కానీ అక్కడివారు తలుపు తీయలేదు. పాయలను విడదీసి ఉంచడమూ, అవసరం లేనివాడికి పేర్లు చెప్పకపోవడమూ వారిని కాపాడాయి.

కాలిన్స్ 1982 చివరిరోజున మరణించారు. ఆయన తర్వాత ట్రెవర్ హడిల్‌స్టన్ ఆ బాధ్యత తీసుకున్నారు. 1990 ఫిబ్రవరిలో పార్టీల మీద నిషేధాలతోపాటు నిధి మీద నిషేధమూ తొలగింది, మరుసటి ఏడాది సంస్థ తన పని ముగించింది. కాగితాలు, ఛాయాచిత్రాలు కేప్‌టౌన్ దగ్గర వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయంలోని మయిబుయే కేంద్రానికి చేరాయి. ఆ సేకరణ ప్రస్తుతం రోబెన్ దీవి మ్యూజియం అజమాయిషీలో ఉంది. రెడ్డి గారు సేకరించిన పత్రాలలో కొంత భాగం యేల్ విశ్వవిద్యాలయంలోనూ, కొంత ఢిల్లీలో 2023 దాకా నెహ్రూ స్మారక గ్రంథాలయంగా పిలిచిన ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయంలోనూ ఉన్నాయి. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కనుక పని ఢిల్లీ నుంచి మొదలుపెట్టండి.